ఒకే ఇమేజ్, రకరకాల డబ్బాలు: కాలేజీ ల్యాబ్ మొత్తానికి విండోస్ ఎక్కించే పద్ధతి

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు కాలేజీ ల్యాబ్‌లో అరవై సిస్టమ్‌లు ఉన్నాయంటే అవన్నీ ఒక్క రోజు కొన్నవి కావు. ఒక ఏడాది నిధులొస్తే కొత్తవి, మరో ఏడాది రాకపోతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ నుంచి తెచ్చిన సెకండ్‌హ్యాండ్‌వి. ఈ మార్గదర్శికి ఒక నమూనా ల్యాబ్‌ను అనుకుందాం: హెచ్‌పీ ప్రోడెస్క్ 400 జీ5లు 24, డెల్ ఆప్టిప్లెక్స్ 3080లు 16, లెనోవో థింక్‌సెంటర్ ఎం720లు 12, హెచ్610 బోర్డుతో కట్టించిన అసెంబుల్డ్ డబ్బాలు 8. ఈ అరవైకీ విండోస్ 11 ఇమేజ్ (విండోస్, సాఫ్ట్‌వేర్లు అన్నీ సిద్ధం చేసి ఒకే ఫైల్‌గా తీసిన నకలు) ఒక్కటే చాలు.

షరతు ఒక్కటే. ఇమేజ్‌లో ఏ కంపెనీ డ్రైవరూ (హార్డ్‌వేర్‌ను విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్) ఉండకూడదు. డ్రైవర్లు బయట, మోడల్ పేరు పెట్టిన ఫోల్డర్లలో ఉండాలి. ఇమేజ్ డిస్క్ మీదికి దిగాక, మొదటిసారి బూట్ కాకముందే, ఆ మోడల్‌కు చెందినవి మాత్రమే అందులో కలపాలి. మిగతా పనంతా దీని చుట్టూ తిరిగేదే.

ఎక్స్‌పీ కాలంలో ఇది నిజంగానే కష్టం. ఒక్క కోర్ ఉన్న మెషిన్ మీద చేసిన ఇమేజ్‌లో హార్డ్‌వేర్ పొర, అంటే హాల్, వేరే రకంది ఉండేది. రెండు కోర్ల మెషిన్‌లో పెడితే తేడా కొట్టేది. విస్టా నుంచి హాల్‌ను విండోస్ బూట్ సమయంలో తానే ఎంచుకుంటోంది. ఇమేజ్‌ను దాచే విమ్ ఫైల్ పద్ధతీ విస్టాతోనే వచ్చింది. ఇది డిస్క్‌ను సెక్టార్ సెక్టార్‌గా కాకుండా ఫైల్ ఫైల్‌గా దాచుకుంటుంది కాబట్టి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ నుంచి తీసింది 240 జీబీ దాని మీద కూడా దిగుతుంది. ఇప్పుడు మిగిలిన అసలు చిక్కులు రెండే: డిస్క్ కంట్రోలర్, నెట్‌వర్క్ కార్డు.

ఒక మాట ముందే. ఇక్కడ కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు వాటి మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగే కొట్టాలి.

1. ముందు లెక్క తేల్చండి

ఒక పుస్తకంలో ప్రతి మోడల్‌కూ ఐదు సంగతులు రాసుకోండి: మోడల్ పేరు, ప్రాసెసర్ తరం, డిస్క్ రకం (సాటానా, ఎన్‌వీఎంఈనా), లాన్ కార్డు, బయోస్‌లో స్టోరేజ్ మోడ్. మోడల్ పేరుకు పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టన్స్ విన్32_కంప్యూటర్‌సిస్టమ్ కొడితే హెచ్‌పీ, డెల్‌లలో సరిగ్గా వస్తుంది. లెనోవోలో మాత్రం అక్కడ అంకెలూ అక్షరాలూ కలిసిన కోడ్ కనిపిస్తుంది. మనకు తెలిసిన పేరు కావాలంటే విన్32_కంప్యూటర్‌సిస్టమ్‌ప్రోడక్ట్‌లోని వెర్షన్ గడి చూడాలి. అసెంబుల్డ్ వాటిలో చాలాసార్లు "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అని వెక్కిరిస్తుంది. వాటికి విన్32_బేస్‌బోర్డ్‌లో బోర్డు పేరు పట్టుకోవాలి. డ్రైవర్ ఫోల్డర్‌కూ ఆ పేరే పెట్టాలి.

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎం (భద్రతా చిప్) 2.0, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ అధికారిక కనీసం. నాలుగో తరం పాత ఆప్టిప్లెక్స్‌లు ల్యాబ్‌లో ఉంటే వాటిని ఈ ఇమేజ్‌లోకి లాక్కురావద్దు. అడ్డదారిలో ఎక్కించినా తర్వాతి వెర్షన్ అప్‌డేట్ దగ్గర మళ్లీ మీ మెడకే చుట్టుకుంటుంది. అవి లినక్స్‌కు పోవడమే మేలు. దాని సంగతి చివర్లో.

లైసెన్స్ లెక్క కూడా ఇప్పుడే చూసుకోవాలి. డబ్బాతో పాటు తయారీ కంపెనీ ఇచ్చిన ఓఈఎం లైసెన్స్‌కు ఒక ఇమేజ్‌ను అన్నింటికీ పంచే హక్కు లేదు. ఆ హక్కు వాల్యూమ్ లైసెన్స్‌తో వస్తుంది. సెకండ్‌హ్యాండ్ మెషిన్ బయోస్‌లో హోమ్ ఎడిషన్ కీ ఉండి, మీరు ప్రో ఇమేజ్ పెడితే అది యాక్టివేట్ కాదు.

2. బయోస్‌లన్నీ ఒక దారికి తేవాలి

విసుగు పుట్టించే పని ఇదే. సగం తిప్పలు తప్పించేదీ ఇదే. ప్రతి మెషిన్‌లో: యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) మోడ్, లెగసీ లేదా సీఎస్‌ఎం (పాత పద్ధతి) ఆఫ్, సెక్యూర్ బూట్ ఆన్, టీపీఎం ఆన్, స్టోరేజ్ మోడ్ ఏహెచ్‌సీఐ (డిస్క్‌తో విండోస్ నేరుగా మాట్లాడే మోడ్).

ఆఖరిది దగ్గర ఆగండి. చాలా డెల్ డెస్క్‌టాప్‌లు ఫ్యాక్టరీ నుంచి "రెయిడ్ ఆన్" (పలు డిస్కులను కలిపి వాడే మోడ్) మీద వస్తాయి. పదకొండో తరం నుంచి ఇంటెల్ మెషిన్లలో వీఎండీ అనే మరో పొర ఉంటుంది. ఈ రెండింటిలో ఏది ఆన్‌లో ఉన్నా డిస్క్ ఇంటెల్ కంట్రోలర్ వెనక దాక్కుంటుంది. విండోస్ సెటప్‌కు డిస్క్ కనిపించకపోవడం, లేదా ఇమేజ్ దిగాక "ఇనాక్సెసబుల్ బూట్ డివైస్" అని 7బి కోడ్‌తో నీలం తెర రావడం దీని పనే. ల్యాబ్ మెషిన్‌లో ఒకే డిస్క్ ఉంటుంది, రెయిడ్‌తో పనే లేదు. ఏహెచ్‌సీఐకి మార్చండి, వీఎండీ ఆపేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వీఎండీ ఆపే అవకాశమే ఉండదు. వాటికి డ్రైవర్ కలపక తప్పదు, నాలుగు అడుగుల తర్వాత ఆ సంగతి వస్తుంది.

ఇంకో మెలిక కరెంటుది. సెకండ్‌హ్యాండ్ డబ్బాలో సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రోజు బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీవైపు తిరిగిపోతాయి: ఏహెచ్‌సీఐ కాస్తా రెయిడ్ అవుతుంది. నిన్నటిదాకా నడిచిన విండోస్ ఈ పొద్దున 7బి అంటుంది. ఇమేజ్ పాడైందని అందరూ మళ్లీ ఎక్కించడం మొదలుపెడతారు. ముందు బయోస్‌లో తేదీ చూడండి. ఏళ్ల వెనక తేదీ కనిపిస్తే బ్యాటరీయే దొంగ. ఇమేజింగ్ మొదలుపెట్టే ముందే పాత డబ్బాలన్నింటికీ కొత్త బ్యాటరీలు వేయించండి. ఎలాగూ మూత తీస్తారు కాబట్టి బ్లోయర్‌తో దుమ్ము కూడా కొట్టేయండి.

3. మూల మెషిన్‌ను వర్చువల్‌గా తయారు చేయాలి

ఇమేజ్ తీయడానికి ల్యాబ్‌లోని ఏదో ఒక హెచ్‌పీని వాడితే హెచ్‌పీ డ్రైవర్లు, దాని ఆడియో ప్యానెల్, హాట్‌కీ సర్వీసులు అన్నీ ఇమేజ్‌లోకి జొరబడతాయి. అవి డెల్ మీద దిగాక పని లేకపోయినా నేపథ్యంలో నడుస్తూ ఎర్రర్లు రాస్తూ ఉంటాయి. అందుకే వర్చువల్ మెషిన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో నడిచే ఉత్తుత్తి కంప్యూటర్. హైపర్-వీలో (మైక్రోసాఫ్ట్ వర్చువల్ మెషిన్ టూల్) జనరేషన్ 2, రెండు ప్రాసెసర్లు, 4 నుంచి 8 జీబీ ర్యామ్, 80 జీబీ డిస్క్, టీపీఎం ఆన్. నెట్‌వర్క్ అడాప్టర్‌ను మాత్రం ఊడదీసి ఉంచండి.

నెట్ ఎందుకు వద్దో చెప్పాలి. నెట్ తగిలిన క్షణం నుంచి మైక్రోసాఫ్ట్ స్టోర్ తన యాప్‌లను ఆ ఒక్క యూజర్‌కు అప్‌డేట్ చేయడం మొదలుపెడుతుంది. తర్వాత సిస్‌ప్రెప్ (ఇమేజ్ తీసే ముందు ఆ మెషిన్ గుర్తులు తుడిచే విండోస్ టూల్) మొరాయించడానికి మొదటి కారణం అదే. కావాల్సిన సాఫ్ట్‌వేర్లు, విండోస్ అప్‌డేట్ ఫైళ్లు బయట దింపుకొని ఐఎస్‌ఓగా చేసి తగిలించండి.

విండోస్ ఇన్‌స్టాల్ అయి, "ఏ దేశం" అని అడిగే తెర రాగానే ఏదీ నొక్కకుండా కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. రీబూట్ అయి ఆడిట్ మోడ్‌లోకి, బిల్ట్-ఇన్ అడ్మినిస్ట్రేటర్‌గా వెళ్తుంది. సిస్‌ప్రెప్ పెట్టె తెరుచుకుని కూర్చుంటుంది. దాన్ని మూసేసి పని చేసుకోండి. మధ్యలో రీస్టార్ట్ చేసినా మళ్లీ ఆడిట్ మోడ్‌లోకే వస్తుంది.

ఇమేజ్‌లో పెట్టదగ్గవి: జేడీకే, పైథాన్, కోడ్‌బ్లాక్స్, వీఎస్ కోడ్, మైఎస్‌క్యూఎల్, బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్, తెలుగు కీబోర్డు, డాస్‌బాక్స్‌తో కూడిన టర్బో సీ. కంపైలర్ కాలం చెల్లిందే అయినా ల్యాబ్‌లు దాన్ని వదలవు.

పెట్టకూడనివి ఇంకా ముఖ్యం. యాంటీవైరస్ ఏజెంట్ ప్రతి మెషిన్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చుకుంటుంది. ఇమేజ్‌లో ఉంటే అరవై మెషిన్లూ కన్సోల్‌లో ఒక్కటిగా కనిపిస్తాయి. మెషిన్‌కు ముడిపెట్టిన లైసెన్స్ ఉన్న క్యాడ్, మ్యాట్‌ల్యాబ్, ట్యాలీ లాంటివాటిని ఇన్‌స్టాల్ చేసినా యాక్టివేషన్ మాత్రం తర్వాత, ప్రతి మెషిన్ మీదే. ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ అయితే ప్రత్యేకంగా గోతిలో పడేస్తుంది. లిజనర్.ఓరా, టీఎన్‌ఎస్‌నేమ్స్.ఓరా ఫైళ్లలో ఇన్‌స్టాల్ చేసినప్పటి కంప్యూటర్ పేరు రాసుకుంటుంది. ఇమేజ్ దిగి పేరు మారగానే లిజనర్ లేవదు. డీబీఎంఎస్ ల్యాబ్ మొదటి రోజు అరవై మంది పిల్లలూ ఒకే ఎర్రర్ చూపిస్తారు. ఆ రెండు ఫైళ్లలో హోస్ట్ దగ్గర పేరు తీసేసి లోకల్‌హోస్ట్ అని రాస్తే సరి.

అంతా అయ్యాక మెషిన్‌ను ఆపి ఒక చెక్‌పాయింట్ తీసుకోండి. "సిస్‌ప్రెప్‌కు ముందు" అని తేదీతో పేరు పెట్టండి. వచ్చే సెమిస్టర్‌లో మార్పులు చేయాల్సింది దీని మీదే; ఒకసారి సిస్‌ప్రెప్ అయినదాన్ని మళ్లీ మళ్లీ సిస్‌ప్రెప్ చేయడం కాదు.

4. సిస్‌ప్రెప్

సీ:\విండోస్\సిస్టమ్32\సిస్‌ప్రెప్ ఫోల్డర్‌లో ఉండి:

సిస్‌ప్రెప్ /జనరలైజ్ /ఊబీ /షట్‌డౌన్ /అన్‌అటెండ్:సీ:\అన్‌అటెండ్.ఎక్స్‌ఎంఎల్

(ఊబీ అన్నచోట ఓ, ఓ, బీ, ఈ.) జనరలైజ్ చేసే పని: మెషిన్ సిడ్ (విండోస్ ఇచ్చుకునే గుర్తింపు సంఖ్య), కంప్యూటర్ పేరు, ఇన్‌స్టాల్ అయిన పరికరాల జాబితా, యాక్టివేషన్ గుర్తులు తీసేయడం. అసలు వేర్వేరు హార్డ్‌వేర్ మీద లేచే గుణం ఇక్కడి నుంచే వస్తుంది. అన్‌అటెండ్ ఫైల్‌లో (సెటప్ ప్రశ్నలకు ముందే జవాబులు రాసిపెట్టే ఫైల్) పరికరాలను అట్టేపెట్టే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, పర్సిస్ట్‌ఆల్‌డివైస్‌ఇన్‌స్టాల్స్ అని. దాన్ని ట్రూ చేయమనే సలహా అక్కడక్కడా కనిపిస్తుంది. అది అన్నీ ఒకే మోడల్ ఉన్న ల్యాబ్‌కు. మనకు ఫాల్స్‌లోనే ఉండాలి.

సిస్‌ప్రెప్ లేకుండా నేరుగా క్లోన్ చేస్తే ఏమవుతుందని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 2009లో మైక్రోసాఫ్ట్‌కు చెందిన మార్క్ రస్సినోవిచ్ సిడ్ ఒకటే కావడం వల్ల పెద్ద నష్టం లేదని రాసి, సిడ్ మార్చే న్యూసిడ్ టూల్‌నే ఆపేశారు. అప్పటి నుంచి చాలామంది దాన్ని అడ్డం పెట్టుకున్నారు. 2025 ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో వచ్చిన అప్‌డేట్లతో ఆ ముచ్చట ముగిసింది. విండోస్ 11 24హెచ్2, 25హెచ్2లలో ఒకే సిడ్ ఉన్న రెండు మెషిన్ల మధ్య కెర్బరోస్, ఎన్‌టీఎల్‌ఎం (నెట్‌వర్క్‌లో గుర్తింపు తేల్చే పద్ధతులు) లాగిన్లు తిరస్కరణకు గురవుతున్నాయి. షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోదు, రిమోట్ డెస్క్‌టాప్ పాస్‌వర్డ్ తప్పంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 6167 కనిపిస్తే ఇదే రోగం. దానికి మందు మళ్లీ సరైన పద్ధతిలో ఇమేజ్ చేయడమే.

కేఎంఎస్ (సొంత సర్వర్ నుంచే విండోస్‌ను యాక్టివేట్ చేసే పద్ధతి) వాడేవాళ్లకు ఇంకో లెక్క. విండోస్ క్లయింట్లు కనీసం 25 నమోదైతేగానీ కేఎంఎస్ సర్వర్ యాక్టివేషన్ మొదలుపెట్టదు. జనరలైజ్ చేయని క్లోన్లన్నింటికీ ఒకే క్లయింట్ ఐడీ ఉంటుంది కాబట్టి అరవై తగిలించినా సర్వర్ దగ్గర లెక్క ఒకటి దాటదు.

సిస్‌ప్రెప్ ఫెయిలైతే కంగారు వద్దు. సిస్‌ప్రెప్ ఫోల్డర్‌లోని పాంథర్‌లో సెటప్‌ఆక్ట్.లాగ్ తెరిచి కిందినుంచి పైకి చదవండి. ఎక్కువగా కనిపించేవి ఇవి:

ఫలానా ప్యాకేజీ ఒక యూజర్‌కు ఇన్‌స్టాల్ అయింది, అందరికీ ప్రొవిజన్ కాలేదు అని ఉంటే, అది స్టోర్ యాప్. లాగ్‌లో ఉన్న పూర్తి పేరుతో రిమూవ్-యాపెక్స్‌ప్యాకేజ్ నడిపి మళ్లీ ప్రయత్నించండి. ఒకటి తీస్తే రెండోది అడ్డం రావచ్చు. నాలుగైదు దాటితే చెక్‌పాయింట్‌కు వెళ్లి నెట్ లేకుండా మళ్లీ చేయడమే తొందరగా అయ్యే దారి.

బిట్‌లాకర్ ఆన్‌లో ఉందని ఉంటే మేనేజ్-బీడీఈ -ఆఫ్ సీ: కొట్టి, డీక్రిప్షన్ నూటికి నూరు పూర్తయ్యేదాకా ఆగండి.

రిజర్వ్డ్ స్టోరేజ్ వాడుకలో ఉందంటే ఏదో అప్‌డేట్ సగంలో ఉంది. రీస్టార్ట్ చేసి, అది పూర్తయ్యాక మళ్లీ చేయండి.

అన్‌అటెండ్ ఫైల్‌ను విండోస్ సిస్టమ్ ఇమేజ్ మేనేజర్‌లో తయారు చేసుకుంటే స్పెల్లింగ్ తప్పులు ముందే పట్టుకుంటుంది. స్పెషలైజ్ విభాగంలో కాపీప్రొఫైల్ ట్రూ (ఆడిట్ మోడ్‌లో పెట్టిన డెస్క్‌టాప్, సెట్టింగులు కొత్త యూజర్లకు రావడానికి), టైమ్ జోన్ ఇండియా స్టాండర్డ్ టైమ్. ఊబీ విభాగంలో ఒక లోకల్ అడ్మిన్ ఖాతా, ఒప్పంద పత్రం దాచేయడం. లోకల్ ఖాతా ఇక్కడే ఇచ్చేస్తే మైక్రోసాఫ్ట్ ఖాతా అడిగే తెర రాదు.

5. ఇమేజ్ తీయడం

సిస్‌ప్రెప్ తర్వాత మెషిన్ ఆగిపోతుంది. దాన్ని మళ్లీ మామూలుగా ఆన్ చేయకూడదు. చేస్తే మొదటి బూట్ తంతు మొదలై అంతవరకు పడ్డ కష్టం పోతుంది. విన్‌పీఈ (డిస్క్‌లోని విండోస్‌ను లేపకుండా బయటి నుంచి లేచే చిన్న విండోస్) ఐఎస్‌ఓతోనే బూట్ చేయాలి. మైక్రోసాఫ్ట్ ఏడీకే కిట్, దాని విన్‌పీఈ యాడ్-ఆన్ రెండూ వేరే సిస్టమ్‌లో పెట్టుకొని, కాపీపీఈ, మేక్‌విన్‌పీఈమీడియా కమాండ్లతో ఇది తయారవుతుంది. పవర్‌షెల్, డబ్ల్యూఎంఐ (హార్డ్‌వేర్ వివరాలు చెప్పే విండోస్ సేవ) భాగాలు అందులో కలపడం మరవద్దు. మోడల్ పేరు పట్టుకోవడానికి అవి కావాలి.

డిస్మ్ /క్యాప్చర్-ఇమేజ్ /ఇమేజ్‌ఫైల్:డీ:\ల్యాబ్.విమ్ /క్యాప్చర్‌డిర్:సీ:\ /నేమ్:ల్యాబ్ /కంప్రెస్:మ్యాక్స్

విన్‌పీఈలో డ్రైవ్ అక్షరాలు తారుమారవుతాయి. సీ అనుకున్నది సీ కాకపోవచ్చు, డిర్ కొట్టి విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో చూసుకోండి. పేజ్‌ఫైల్, హైబర్‌నేషన్ ఫైల్ లాంటివాటిని డిస్మ్ తనంతట తానే వదిలేస్తుంది. ల్యాబ్ సాఫ్ట్‌వేర్లతో కలిపి డిస్క్ మీద 35 జీబీ ఉంటే విమ్ 15 జీబీ చుట్టుపక్కల వస్తుంది. కింది లెక్కలన్నీ ఆ 15 మీదే.

6. డ్రైవర్లు

డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ తమ వ్యాపార మోడళ్లకు డ్రైవర్ ప్యాక్‌లు ఇస్తాయి. అందులో ఐఎన్‌ఎఫ్ ఫైళ్ల రూపంలో అన్నీ ఉంటాయి; విప్పి మోడల్ ఫోల్డర్‌లో పెడితే చాలు. అసెంబుల్డ్ వాటికి అలాంటి ప్యాక్ ఉండదు. ఒక డబ్బా మీద విండోస్ వేసి, బోర్డు కంపెనీ డ్రైవర్లన్నీ చేతితో ఇన్‌స్టాల్ చేసి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఒక్కటి కూడా లేకుండా చూసుకుని, ఆ తర్వాత:

పీఎన్‌పీయుటిల్ /ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ * డీ:\డ్రైవర్లు\బోర్డుపేరు

సెటప్.ఈఎక్స్‌ఈ రూపంలో ఉన్న డ్రైవర్లు ఈ పద్ధతిలో పనికిరావు. అవి ఇన్‌స్టాల్ అయ్యాక మిగిల్చే ఐఎన్‌ఎఫ్‌లే మనకు కావాలి, పై కమాండ్ వాటినే ఏరుకొస్తుంది.

అన్ని మోడళ్ల డ్రైవర్లనూ ఒకే కుప్పలో పోసి మొత్తం ఎక్కించేస్తే పోదా అని అనిపిస్తుంది. మొదట్లో పనిచేసినట్టే ఉంటుంది. ఒక్క గ్రాఫిక్స్ డ్రైవరే జీబీ దాటుతుంది, నాలుగు మోడళ్లవి కలిస్తే సీ డ్రైవ్ ఉబ్బిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు: ఒకే రియల్‌టెక్ ఆడియో చిప్ హెచ్‌పీలోనూ డెల్‌లోనూ ఉంటుంది, డ్రైవర్లు వేరు. విండోస్ హార్డ్‌వేర్ ఐడీ ఎంత దగ్గరగా కలిసింది, తేదీ, వెర్షన్ చూసి తనకు నచ్చింది ఎంచుకుంటుంది. హెచ్‌పీకి డెల్‌ది అంటుకుంటే ముందువైపు హెడ్‌ఫోన్ జాక్ మూగబోతుంది. స్పోకెన్ ఇంగ్లిష్ ల్యాబ్‌లో తప్ప ఎవరికీ తెలియదు, తెలిసేసరికి కారణం ఎవరికీ గుర్తుండదు.

విన్‌పీఈకి మాత్రం లాన్, స్టోరేజ్ డ్రైవర్లు చాలు. ఆడియో, గ్రాఫిక్స్ అక్కడ దండగ. వీఎండీ ఆపలేని ల్యాప్‌టాప్‌లు ఉంటే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ ఐఎన్‌ఎఫ్‌ను రెండుచోట్ల కలపాలి: విన్‌పీఈ బూట్.విమ్‌లో ఒకసారి, దిగిన విండోస్‌లో ఒకసారి. మొదటిది లేకపోతే డిస్క్ కనిపించదు. రెండోది లేకపోతే డిస్క్ మీద ఇమేజ్ చక్కగా దిగి, బూట్‌లో 7బి వస్తుంది.

7. దింపడం

32 జీబీ లేదా 64 జీబీ యూఎస్‌బీ 3.0 పెన్‌డ్రైవ్‌లో రెండు పార్టిషన్లు చేయండి: 2 జీబీ ఫ్యాట్32 (విన్‌పీఈ బూట్ కోసం), మిగతాది ఎన్‌టీఎఫ్‌ఎస్ (విమ్, డ్రైవర్ల కోసం). ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు కాబట్టే ఈ ఏర్పాటు. డిస్క్‌పార్ట్‌కు ఇచ్చే స్క్రిప్ట్:

సెలెక్ట్ డిస్క్ 0
క్లీన్
కన్వర్ట్ జీపీటీ
క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ సైజ్=260
ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఫ్యాట్32
అసైన్ లెటర్=ఎస్
క్రియేట్ పార్టిషన్ ఎంఎస్‌ఆర్ సైజ్=16
క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ
ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఎన్‌టీఎఫ్‌ఎస్
అసైన్ లెటర్=డబ్ల్యూ

డిస్క్ 0 అనేది ఎప్పుడూ మీరనుకున్న డిస్కే కానక్కర్లేదు. ఎన్‌వీఎంఈతో పాటు పాత 500 జీబీ హార్డ్‌డిస్క్ కూడా ఉన్న డబ్బాలో హార్డ్‌డిస్కే సున్నా కావచ్చు, అందులో ఎవరి ప్రాజెక్టు ఫైళ్లో ఉండవచ్చు. క్లీన్ కొట్టాక వెనక్కి రావడం ఉండదు. స్క్రిప్ట్ నడిపే ముందు లిస్ట్ డిస్క్ కొట్టి సైజు చూడండి, లేదా రెండో డిస్క్ కేబుల్ పీకేయండి.

తర్వాత మూడు కమాండ్లు, ఇదే వరుసలో:

డిస్మ్ /అప్లై-ఇమేజ్ /ఇమేజ్‌ఫైల్:డీ:\ల్యాబ్.విమ్ /ఇండెక్స్:1 /అప్లైడిర్:డబ్ల్యూ:\
డిస్మ్ /ఇమేజ్:డబ్ల్యూ:\ /యాడ్-డ్రైవర్ /డ్రైవర్:డీ:\డ్రైవర్లు\మోడల్ /రికర్స్
బీసీడీబూట్ డబ్ల్యూ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ

రెండో కమాండ్‌లో బూట్‌కు అవసరమైన డ్రైవర్లు వెంటనే అమలవుతాయి. మిగతావి డ్రైవర్ స్టోర్‌లో కూర్చుని మొదటి బూట్‌లో తమ పరికరం కనిపించగానే లేస్తాయి. "మోడల్" అన్నచోట పేరును స్క్రిప్టే డబ్ల్యూఎంఐ నుంచి తీసుకునేలా రాయండి. ఆ పేరుతో ఫోల్డర్ లేకపోతే స్క్రిప్ట్ ఆగి చెప్పాలి, ఊరికే ముందుకు పోకూడదు.

కంప్యూటర్ పేరు కూడా ఇక్కడే తేల్చాలి. సీరియల్ నంబర్ తీసుకుని, డబ్ల్యూ:\విండోస్\పాంథర్‌లో పెట్టే అన్‌అటెండ్ ఫైల్‌లో రాయించడం మామూలు పద్ధతి. 15 అక్షరాలు మించకూడదు. అసెంబుల్డ్ డబ్బాలకు సీరియల్ దగ్గర "డిఫాల్ట్ స్ట్రింగ్" అని ఎనిమిదింటికీ ఒకటే ఉంటుంది. వాటికి లాన్ కార్డు మ్యాక్ అడ్రస్ చివరి ఆరు అంకెలు వాడండి.

లెక్క చూస్తే: ఎస్‌ఎస్‌డీ మీద ఒక్కో మెషిన్‌కు పది, పదిహేను నిమిషాలు. ఆరు పెన్‌డ్రైవ్‌లుంటే అరవైకి పది విడతలు, రెండున్నర గంటలు. హార్డ్‌డిస్క్ మెషిన్‌కు దీనికి రెట్టింపు పైనే పడుతుంది.

8. నెట్‌వర్క్ ద్వారా అయితే

ముప్పై దాటితే పీఎక్స్‌ఈ (పెన్‌డ్రైవ్ లేకుండా నెట్‌వర్క్ నుంచే బూట్ చేయడం) గురించి ఆలోచించవచ్చు. ఉచితంగా దొరికేవాటిలో ఫాగ్ ప్రాజెక్ట్ ల్యాబులకు బాగా నప్పుతుంది. ఇదే పనికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఎండీటీ ఇప్పుడు కొత్తగా నేర్చుకుని మొదలుపెట్టదగ్గది కాదు, దాని ఆఖరి బిల్డ్ 2019 నాటిది.

ఒక సర్వర్, గిగాబిట్ కేబుల్, 15 జీబీ ఇమేజ్, అరవై మెషిన్లకు విడివిడిగా పంపితే 900 జీబీ. సెకనుకు 110 ఎంబీ చొప్పున రెండుంపావు గంటలు, అంటే పెన్‌డ్రైవ్‌లతో దాదాపు సమానం. మల్టీకాస్ట్ వాడితేనే లాభం: ఒకసారి పంపిందే అందరూ అందుకుంటారు. కానీ మల్టీకాస్ట్‌లో వేగం అందరికన్నా నెమ్మదైన మెషిన్‌ది. ఒక్క కేబుల్‌లో నాలుగు వైర్లే సరిగ్గా క్రింప్ అయి 100 ఎంబీపీఎస్‌కు పడిపోతే అరవై మెషిన్లూ దానికోసం ఆగాలి. మొదలుపెట్టే ముందు స్విచ్ లైట్లు చూసి, రంగు తేడా ఉన్న పోర్టుల కేబుళ్లు మార్చండి.

కాలేజీ నెట్‌వర్క్‌లో ఇప్పటికే మెషిన్లకు ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఉంటుంది. రెండోది తగిలిస్తే ఆఫీసు, లైబ్రరీ, హాస్టల్ వైఫై అన్నింటికీ తప్పు అడ్రస్‌లు వెళ్లి ఫోన్లు మోగుతాయి. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాంను ప్రాక్సీ డీహెచ్‌సీపీగా (అడ్రస్‌లు ఇవ్వకుండా బూట్ సమాచారమే ఇచ్చేలా) పెట్టండి, లేదా ల్యాబ్ స్విచ్‌ను ఆ పూట కాలేజీ లైన్ నుంచి ఊడదీయండి. రెండోది మొరటుదే కానీ ఖాయమైనది. ఫాగ్ బూట్ ప్రోగ్రాం ఐపీఎక్స్‌ఈకి మామూలుగా సెక్యూర్ బూట్ ఆపాలి. పని అయ్యాక మళ్లీ ఆన్ చేయడం గుర్తుంచుకోవాలి.

ఫాగ్‌లో డ్రైవర్లు కలపడం వేరు. అక్కడ నడిచేది లినక్స్, డిస్మ్ ఉండదు. ఇమేజ్ దిగాక నడిచే స్క్రిప్ట్‌తో మోడల్ ఫోల్డర్‌ను సీ:\డ్రైవర్లులోకి కాపీ చేసి, తొలి లాగిన్‌లో పీఎన్‌పీయుటిల్ /యాడ్-డ్రైవర్ సీ:\డ్రైవర్లు\*.ఐఎన్‌ఎఫ్ /సబ్‌డిర్స్ /ఇన్‌స్టాల్ నడిపించాలి. ఇందుకు సెటప్‌కంప్లీట్.సీఎండీ వాడమంటారు, ఓఈఎం కీ ఉన్న ప్రో మెషిన్లలో విండోస్ దాన్ని నడపదు. అన్‌అటెండ్‌లోని ఫస్ట్‌లాగాన్‌కమాండ్స్ నమ్మదగ్గది. ఈ దారిలో స్టోరేజ్ డ్రైవర్ మాత్రం బూట్‌కు ముందు కలవదు కాబట్టి ఏహెచ్‌సీఐ తప్పనిసరి.

9. మొదట నాలుగే, తర్వాత అరవై

ప్రతి మోడల్‌లో ఒక్కటి చొప్పున ముందు నాలుగింటికి ఎక్కించి ఒక రోజంతా వాడండి. పీఎన్‌పీయుటిల్ /ఎనమ్-డివైసెస్ /ప్రాబ్లమ్ కొడితే డ్రైవర్ లేనివి బయటపడతాయి. తెలియని పరికరం ఉంటే హార్డ్‌వేర్ ఐడీలో వెండర్, డివైస్ అంకెలు రాసుకుని ఆ కంపెనీ ప్యాక్‌లో వెతకండి. మళ్లీ ఇమేజ్ తీయనక్కర్లేదు, ఫోల్డర్‌లో ఆ డ్రైవర్ వేస్తే చాలు. స్లీప్‌లోకి పోయి లేస్తుందా, హెడ్‌ఫోన్ ముందు జాక్ పనిచేస్తుందా, లాన్ 1 జీబీపీఎస్ చూపిస్తోందా, తెలుగు టైపింగ్ కొత్త యూజర్‌కు వచ్చిందా, ఒరాకిల్ లిజనర్ లేచిందా చూడండి.

అరవై పనికి బతుకమ్మ, దసరా సెలవులు అనువైనవి. ఎక్స్‌టర్నల్ ల్యాబ్ పరీక్షలకు ముందు వారం మాత్రం ఇమేజ్ జోలికి వెళ్లకండి. మే నెలలో చేయాల్సి వస్తే ఏసీ నడుస్తున్న పూటే పెట్టుకోండి. అరవై ఎస్‌ఎస్‌డీలు, ప్రాసెసర్లు ఒక్కసారిగా పూర్తి పనిలో ఉంటాయి. యూపీఎస్ మీద పడే భారం కూడా మామూలు రోజు కన్నా ఎక్కువ. పదిహేను చొప్పున విడతలుగా చేస్తే మధ్యలో కరెంటు పోయినా నష్టం పదిహేనుకే.

10. పాత డబ్బాలకు లినక్స్

నాలుగో తరం మెషిన్లకు ఇది చాలా తేలిక. డ్రైవర్లలో చాలా భాగం కెర్నల్‌లోనే ఉంటాయి కాబట్టి డిస్క్ నకలు తీసే క్లోన్‌జిల్లాతో తీసిన ఉబుంటు ఇమేజ్ నేరుగా వేరే మోడల్ మీద లేస్తుంది. గమ్యం డిస్క్ మాత్రం మూల డిస్క్ అంత, లేదా అంతకన్నా పెద్దది ఉండాలి. అందుకే ఇమేజ్‌ను ఉన్నవాటిలో చిన్న డిస్క్ మీద తయారు చేయండి. ఫెడోరా కుటుంబంలో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లేచే చిన్న ఫైల్‌సిస్టమ్) ఆ మెషిన్‌కు సరిపడా డ్రైవర్లతోనే తయారవుతుంది. దాన్ని తయారు చేసే డ్రాకట్‌ను హోస్ట్‌ఓన్లీ లేకుండా మళ్లీ నడపకపోతే కొత్త డబ్బాలో రూట్ డిస్క్ దొరకదు.

ఇమేజ్ తీసే ముందు /ఈటీసీ/మెషిన్-ఐడీ ఫైల్‌ను ఖాళీ చేయండి, తీసేయకండి. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) హోస్ట్ కీలు చెరిపేయండి. ఉబుంటులో మెషిన్-ఐడీ ఒకటే ఉంటే డీహెచ్‌సీపీ అన్నింటికీ ఒకే ఐపీ ఇచ్చే అవకాశం ఉంది: ఒకటి నెట్‌లోకి వస్తే మరొకటి పోతుంది, కేబుళ్లన్నీ మార్చినా తేడా దొరకదు. హోస్ట్ కీలు చెరిపినచోట మొదటి బూట్‌లో డీపీకేజీ-రీకాన్ఫిగర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ నడిచేలా ఒక చిన్న సర్వీసు పెట్టకపోతే ఎస్‌ఎస్‌హెచ్ లేవదు.